గర్భసంచి తీయించుకోవడానికి ఎన్ని ఉత్తరాలు కావాలి?

2011లో తెనాలిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నా గర్భసంచి తీసేశారు. అప్పటికి నాకు 36 ఏళ్లు. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువవుతోందని వెళ్లాను. డాక్టరుగారు స్కానింగ్ కాగితం మీద ఓ చూపు వేసి, "పిల్లలెంతమంది?" అన్నారు. ఇద్దరన్నాను. "ఆపరేషన్ అయిపోయిందా?" అయిందన్నాను. "ఇంక ఆ సంచితో నీకేం పనమ్మా? రేపు క్యాన్సరూ గీన్సరూ అంటే ఎవరు పడతారు?" అన్నారు.

అంతే. లోపలికెళ్లి బయటికి రావడానికి పది నిమిషాలు పట్టిందేమో. నాలుగో రోజున ఆపరేషన్. కాగితాల మీద సంతకం మా ఆయన పెట్టారు. డిశ్చార్జి అయ్యేటప్పుడు నర్సు మందుల చీటీ చదివి చెబుతూ, పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేశారని చెప్పింది, కూరగాయల్లో కరివేపాకు కొసరు వేశామన్నట్టు.

మా అక్క కొడుక్కి ఇప్పుడు 25. గడ్డం ఉంది, మా ఇంట్లో అందరికంటే బొంగురు గొంతు ఉంది, గర్భసంచీ ఉంది. పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్లు ఆడపిల్ల అని రాశారు, మేమూ అలాగే పెంచాం. వాడు ట్రాన్స్ పురుషుడు. ఆ సంచి తీయించుకోవాలని చాలాకాలంగా హైదరాబాదులో ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాడు. ఇప్పటిదాకా వాడిని అడిగినవి ఇవీ: ఇద్దరు మానసిక వైద్యుల ఉత్తరాలు, నోటరీ చేయించిన అఫిడవిట్, అమ్మానాన్నల సంతకాలు. పాతికేళ్లవాడికి, ఏటా ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాడికి, అమ్మానాన్నల సంతకాలు! ఒక డాక్టరుగారైతే "ఒకసారి తీసేస్తే మళ్లీ పెట్టలేం, పిల్లలు పుట్టరు, ఎముకల సంగతీ చూసుకోవాలి, బాగా ఆలోచించుకో" అని అరగంట కూర్చోబెట్టి చెప్పారట. వాడు ఇంటికొచ్చి ఇదంతా విసుక్కుంటూ చెబుతుంటే నా బుర్ర వేరేవైపు పోయింది. ఆ అరగంట నాకెందుకు ఇవ్వలేదు?

నా ఒక్కదాని సంగతి కాదిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, పొలం పనికి అడ్డమని, ముప్పై దాటీ దాటకముందే తీయించేసుకున్నవాళ్లు మా ఊళ్లో వీధికి ఇద్దరు కనిపిస్తారు. వాళ్లలో ఎవరినీ ముందుగా సైకియాట్రిస్టు దగ్గరికి పంపినట్టు నేను వినలేదు.

ఛాతీ ఆపరేషన్ సంగతీ ఇంతే. మగపిల్లలకు రొమ్ములు పెరిగితే తీసేయడానికి హైదరాబాదులో ఎన్ని ప్రకటనలో. పొద్దున చేరితే సాయంత్రానికి ఇంటికి, ఈఎంఐ కూడా ఉంది. అద్దంలో చూసుకుంటే సిగ్గుగా ఉందని ఆ కుర్రాడు చెబితే చాలు, ఆ మాట డాక్టరుగారికి అర్థమైపోతుంది. మా వాడూ అదే చెప్పాడు, అదే మాటల్లో. వాడిని మాత్రం ఉత్తరాలు పట్టుకు రమ్మన్నారు.

అంటే ఒంట్లోంచి ఒక అవయవం తీసేయడానికి గానీ, హార్మోన్లు ఎక్కించడానికి గానీ మనకేమీ అభ్యంతరం లేదన్నమాట. అడిగేది ఎవరన్నదే మన అభ్యంతరం. భర్త సంతకం పెడితే సరిపోయిన పని, మనిషి తన నోటితో తానే అడిగితే సరిపోవడం లేదు.

కాస్త వెనక్కి వెళ్తాను. 2012 వేసవి. తెలుగులో పెద్దమనిషి అంటే ఊళ్లో తగవులు తీర్చే ఆసామీ, మొదటిసారి ముట్టయిన ఆడపిల్లా కూడా. మా వాడు ఆ రెండో రకం పెద్దమనిషి అయ్యాడు, పన్నెండేళ్లప్పుడు. అక్కకు మొదటి సంతానం, బావగారికి చేతినిండా బంధువులు. కల్యాణమండపం మాట్లాడారు, మూడొందలమంది భోజనాలు. అంతకుముందు చాప మీద మూల కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి పేరంటాలూ చిమ్మిలి ముద్ద నోట్లో కుక్కడమే. రెండో రోజున వాడు దొడ్లోకి వెళ్లి మొత్తం కక్కేశాడు. వేడి చేసిందన్నాం.

ఫంక్షన్ రోజు మెజెంటా రంగు పట్టులంగా, ఆకుపచ్చ ఓణీ, పూలజడ. పూలజడ వేశాక మన ఇళ్లలో తీసే ఫొటో ఒకటుంది కదా, పిల్లను అద్దం ముందు నిలబెట్టి వెనకనుంచి జడా, అద్దంలోంచి ముఖమూ పడేలా తీస్తారు. అది నేనే తీయించాను. "నవ్వరా నాన్నా" అని నేనే అరిచాను. ఆల్బమ్ వచ్చాక అందరం జడనే చూశాం, మల్లెలు ఎంత దట్టంగా కుట్టారో అనుకుంటూ. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఫొటో మళ్లీ తీసి అద్దం వైపు చూశాను. వాడు కెమెరాను చూడటం లేదు. తన ముఖాన్నీ చూసుకోవడం లేదు. కళ్లు దించి, ఓణీ పిన్ను పెట్టిన చోట, తన ఛాతీని చూసుకుంటున్నాడు. పక్కింటివాళ్ల సామాను ఎవరో తన ఒళ్లో పెట్టి పోయినట్టుంది ఆ చూపు.

"ఊరందర్నీ పిలిచి నా గురించి ఏదో చెబుతున్నారు పిన్నీ. వాళ్లు చెప్పేది మాత్రం నా గురించి కాదు," అన్నాడు తర్వాతెప్పుడో. జెండర్ ఐడెంటిటీ అంటే ఏమిటని అడిగేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను. నువ్వు ఎవరు అన్న ప్రశ్నకు బయటివాళ్లు చెప్పే జవాబూ లోపల్నుంచి వచ్చే జవాబూ నాబోటివాళ్లకు ఒకటే కావడం వల్ల, అక్కడ రెండు జవాబులు ఉన్నాయన్న సంగతే మనకు తెలియదు.

2021 జూన్‌లో, కరోనా సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నాకు వాట్సాప్‌లో చెప్పాడు. చాలా పొడుగు మెసేజీ. నేను చదివి, ఏం రాయాలో తోచక, "అన్నం తిన్నావా?" అని పెట్టాను. వాడు ఇప్పటికీ ఏడిపిస్తాడు దాని గురించి.

ఆ తర్వాత నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వ్యాకరణం. నవ్వకండి. ఏమని మాట్లాడాలి? కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. "నేను వచ్చాను" అనడానికి తెలుగులో ఆడా మగా తేడా లేదు. హిందీలో నోరు తెరవగానే ఏదో ఒకటి తేల్చాలి, మనకు అక్కర్లేదు. "నువ్వు వచ్చావు" అన్నా లేదు. మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ తెలుగుకు ఆ గొడవే లేదు. మనిషి అవతలికి పోయాక, వాడి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడే వచ్చాడా వచ్చిందా అన్న ప్రశ్న. "వచ్చింది"లోనైనా ఆడమనిషీ, ఆవూ, ఆర్టీసీ బస్సూ ఒకటే. పోనీ కాస్త గౌరవించి "వచ్చారు" అన్నామా, ఆ తేడా కూడా ఉండదు. బంధువుల దగ్గర ఏడాదిపాటు నేను మా వాడిని "వచ్చారు, తిన్నారు, వెళ్లారు" అంటూ నెట్టుకొచ్చాను. ఇరవయ్యొక్కేళ్ల పిల్లకు ఇంత మర్యాదేమిటని వాళ్లు ఆశ్చర్యపోయారు.

మా అమ్మకు ఆ తిప్పలు కూడా లేకపోయాయి. ఆవిడ మనవరాళ్లను "ఏరా నాన్నా" అనీ, మనవళ్లను "నా తల్లే" అనీ పిలుస్తుంది, ముందునుంచీ అంతే. గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఇది కొత్తేం కాదు. వాడు పుట్టినప్పటినుంచీ ఆవిడకు "ఏరా"నే. మార్చుకోవాల్సింది ఏమీ కనబడలేదు. బావగారు మాత్రం రెండేళ్లపాటు ఏ పేరుతోనూ పిలవకుండా "ఇదిగో", "ఏయ్" అంటూ గడిపారు. ఆయనవైపు నుంచి చూస్తే అదీ ఒక ప్రయత్నమేనని నాకు తర్వాత అనిపించింది.

ఓదార్చడానికి వచ్చినవాళ్లు బృహన్నలను తీసుకొచ్చేవాళ్లు. తెనాలివాళ్లం కాబట్టి ఇంకొకరినీ తెచ్చేవాళ్లు: "స్థానం నరసింహారావుగారు సత్యభామ వేయలేదూ? మనకిది కొత్తేంటి?" మంచి మనసుతో అన్న మాటే గానీ, అతకదు. స్థానంవారు నాటకం అయ్యాక రంగు కడుక్కుని ఇంటికెళ్లేవారు. మా వాడికి పుట్టినప్పుడే మేం వేషం కట్టాం. ఇరవయ్యొక్కేళ్లు ఆడాక, ఇక రంగు కడుక్కోనివ్వండని అడుగుతున్నాడు.

అక్క ముందు ఒక స్వామీజీ దగ్గరికి, తర్వాత ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ రెండో ఆయన ఆరు నెలల్లో మామూలు మనిషిని చేస్తానన్నాడు. మాత్రలు రాశాడు. వాడు తొమ్మిది కేజీలు పెరిగి, పగలంతా నిద్రలో జోగేవాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఉద్యోగం నిలిచింది. ఇలా మారుస్తామనే చికిత్సలను ఆపాలని 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఆదేశాలిచ్చారు. ఆ తర్వాత 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా దీన్ని డాక్టర్ల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మాకీ సంగతులు తెలిసేటప్పటికి అక్క ఆయనకు చాలానే సమర్పించుకుంది.

బావగారు చదువుకున్న మనిషి. ఆయన వాదన గట్టిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే రోగాల పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రోగాల అధ్యాయంలోంచి తీసేసి లైంగిక ఆరోగ్యం అధ్యాయంలో పెట్టారు. అది చూపిస్తే ఆయన, "చూశావా, రోగం కాదని వాళ్లే అంటున్నారు. రోగం కానప్పుడు మందులెందుకు, ఆపరేషన్లెందుకు?" అన్నారు.

"కడుపుతో ఉండటం రోగమా బావగారూ? మరి అక్కను కాన్పుకు ఆస్పత్రిలో ఎందుకు చేర్చారు?" అన్నాను.

ఆయన కాఫీ తాగారు. ఒప్పుకోలేదు గానీ, తర్వాతి వారం ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, అపాయింట్‌మెంటుకు కారు ఆయనే నడిపారు. పార్కింగ్‌లోనే కూర్చున్నారు, పైకి రాలేదు.

ఆ ఎండోక్రైనాలజిస్టు గురించి రాయాలి, ఎందుకంటే పని ఎలా జరగాలో నేను చూసింది ఆవిడ గదిలోనే. 2023 ఫిబ్రవరి. ముందు రక్త పరీక్షలు: హిమోగ్లోబిన్, లివర్, కొలెస్ట్రాల్, షుగర్. తర్వాత ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఎడమవైపు "ఆపేస్తే వెనక్కి వచ్చేవి", కుడివైపు "రానివి" అని రాసింది. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు నెలసరి ఆగుతుంది, మందు ఆపేస్తే మళ్లీ రావచ్చు. అది ఎడమవైపు. గొంతు బొంగురుపోతే మళ్లీ సన్నబడదు, గడ్డం వస్తే పోదు, వంశంలో ఉంటే బట్టతల రావచ్చు. అవి కుడివైపు. రక్తం చిక్కబడే ముప్పు ఉంది కాబట్టి మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష. మొటిమలు తప్పవు. ఎప్పుడైనా సొంత పిల్లలు కావాలనిపిస్తుందనుకుంటే అండాలు దాచుకునే దారి ఉంది, అది కూడా ఇప్పుడే ఆలోచించుకో అంది. "ఇంటికెళ్లి చదువుకో. వచ్చే వారం రా. ప్రశ్నలు రాసుకునిరా." వాడు వెళ్లాడు, పదకొండు ప్రశ్నలతో వెళ్లాడు, తన సంతకం తానే పెట్టాడు.

మూడో నెలకు వాడి గొంతు పద్నాలుగేళ్ల కుర్రాడి గొంతులా విరిగింది. ఫోన్‌లో "పిన్నీ" అంటే ఆ చివరి అక్షరం ఎక్కడికో జారిపోయేది. మే నెల ఎండల్లో బిగుతు బనియన్లు రెండేసి తొడుక్కుని గూనిగా నడిచేవాడు, 2024 నవంబరులో ఛాతీ ఆపరేషన్ అయ్యాక నిటారుగా నడవడం నేర్చుకున్నాడు. అలవాటైన గూని పోవడానికి ఫిజియోథెరపీ చేయించాల్సి వచ్చింది.

హార్మోన్ మందులు వాడేది మా ఇంట్లో వాడొక్కడే కాదు. అండాశయాలు పోయిన నాకు 36 ఏళ్లకే వేడి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, అకారణంగా ఏడుపు. 41కి ఎముకలు బలహీనపడ్డాయి. అప్పుడు హైదరాబాదులో ఒక గైనకాలజిస్టు ఎస్ట్రడయాల్ వాలరేట్ మాత్ర రాశారు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లో ఒక రకం. అది ట్రాన్స్ మహిళలు వాడే మందు కూడా. అదే మందు, అదే కంపెనీ అట్ట. నాకు రాసేటప్పుడు ఆ గదిలో ఎవరికీ టెన్షన్ లేదు. మీరు నిజంగా ఆడవాళ్లేనా, ఎప్పటినుంచి అలా అనిపిస్తోంది, మీ నాన్నగారిని తీసుకురండి అని ఎవరూ అనలేదు.

అదే మాత్ర డాక్టరు చేత రాయించుకోలేని ట్రాన్స్ మహిళలు ఏం చేస్తారు? గర్భనిరోధక మాత్రలు మింగుతారు. సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో మాలా-ఎన్ ఉచితంగా ఇస్తారు, మందుల షాపుల్లో మాలా-డి కారుచవకగా దొరుకుతుంది. తొందరగా ఫలితం రావాలని చెప్పిన మోతాదుకు మించి మింగుతారు. వాటిలో ఉండేది ఇథినైల్ ఎస్ట్రడయాల్, వేరే రకం ఈస్ట్రోజెన్. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాంతో ఎక్కువ. అందుకే ఈ అవసరానికి అది వాడొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. సిగరెట్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

ఆపరేషన్ల దగ్గర ఇంకా ఘోరం. హిజ్రా సమాజంలో, పురుషాంగాన్నీ వృషణాలనూ తీసేసే 'నిర్వాణం' అనేది తరాలుగా ఉంది. మత్తుమందు లేకుండా దాయమ్మ కత్తితో చేసేది, తర్వాత నలభై రోజులు పథ్యం. బతికితే పండగ. ఇదంతా పాత రోజుల కథ అనుకునేవాళ్ల కోసం: 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు బి.ఫార్మసీ విద్యార్థులు ఒకరికి లింగమార్పిడి ఆపరేషన్ చేయబోయారు. తక్కువ ఖర్చులో చేస్తామన్నారట. ఆ మనిషి అక్కడే చనిపోయింది. పేపర్లన్నీ ఆ ఇద్దరు విద్యార్థుల దుస్సాహసం గురించి రాశాయి, రాయాల్సిందే. నాకు మాత్రం ఆ లాడ్జి రిసెప్షన్ గుర్తొస్తుంటుంది. బ్యాగు పట్టుకుని లోపలికొచ్చి, రిజిస్టరులో పేరు రాసి, గది తాళం తీసుకున్న ఆ నిమిషం. అంతమంది డాక్టర్లు, అన్ని ఆస్పత్రులు ఉన్న నెల్లూరులో ఆ మనిషికి తెరుచుకున్న తలుపు అదొక్కటే.

ఆస్పత్రుల్లో ఉత్తరాలు, సంతకాలు అడ్డం పెడితే ఎవరూ ఆగిపోరు, వేరే గదికి వెళ్తారు. ఇది అర్థం కానంతకాలం "జాగ్రత్త కోసమే కదా అడుగుతున్నాం" అనే మాట నాకు ఎక్కదు. చెప్పడం వేరు, కాపలా కాయడం వేరు. ఎండోక్రైనాలజిస్టు చేసింది చెప్పడం. అమ్మానాన్నల సంతకం అడగడం కాపలా. నా విషయంలో తలుపు బార్లా తెరిచే ఉంది, చెప్పే నాథుడు లేడు. వాడికి చెప్పేవాళ్లు బోలెడుమంది, తలుపే లేదు.

చట్టంలో లేదా అంటే, ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో, తన జెండర్ ఏమిటో మనిషే చెప్పుకోవచ్చని, దానికి ఆపరేషన్ చేయించుకురమ్మనడం చట్టవిరుద్ధమని చెప్పింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 15వ సెక్షన్‌లో హార్మోన్ చికిత్స, ఆపరేషన్లు, కౌన్సెలింగ్ అందించే బాధ్యత ప్రభుత్వాలదే అని రాశారు. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి 5 లక్షల దాకా కవరేజీ అన్నారు. మా వాడు, ట్రాన్స్‌జెండర్ అని కలెక్టరు ఇచ్చే సర్టిఫికెట్ కోసం పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాడు, ముప్పై రోజుల్లో రావాల్సింది ఐదు నెలలకు వచ్చింది. అది పట్టుకుని మూడు ఆస్పత్రుల్లో అడిగితే, మూడు కౌంటర్లలోనూ ఆ పథకం పేరు మమ్మల్నే అడిగి రాసుకున్నారు. చివరికి ఛాతీ ఆపరేషన్‌కు లక్షా డెబ్బై వేలు వాడి సేవింగ్సే.

తమిళనాడు ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు 2008లోనే పెట్టింది, అక్కడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు ఉచితం. మనకు అదే కాలంలో పుస్తకాల్లో ఏముందో తెలుసా? నిజాం కాలంలో, 1919లో, చేసిన చట్టం. నపుంసకుల పేర్లు రిజిస్టరులో రాసుకోవాలి, ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెళ్తే, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. 2023లో! ఆ ఏడాది ఫిబ్రవరిలో మా వాడు మొదటి ఇంజెక్షన్ తీసుకునేటప్పటికి, హైదరాబాదులో ఆ చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది.

అలాగని ఏమీ కదలలేదనడం అన్యాయం. 2022 చివర్లో ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ప్రభుత్వ కొలువులో చేరారు. దానికి ముందే, 2021 జనవరిలో, నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు, దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన అలాంటి మొదటి క్లినిక్. మా వాడు హార్మోన్ల గురించి మొట్టమొదట నోరు తెరిచి అడిగింది అక్కడే. దానికి డబ్బు అమెరికా సాయం నుంచి వచ్చేది. 2025 జనవరిలో ట్రంప్ ఆ సాయం ఆపేయగానే మూతపడింది. వాషింగ్టన్‌లో సంతకం, నారాయణగూడలో షట్టర్. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. కోట్ల జనం ఉన్న రాష్ట్రంలో ఈ వైద్యం ఎవరో ఒక దాత దయ మీద నిలబడటం నాకు నచ్చలేదు, ఆ దాత మంచివాడైనా సరే.

అమెరికా అంటే గుర్తొచ్చింది. మా పెద్దనాన్న కూతురు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. వారానికో వీడియో పంపుతుంది, పిల్లల్ని పాడుచేస్తున్నారని. వాళ్ల టెక్సాస్‌లో 18 ఏళ్లలోపువాళ్లకు ఈ చికిత్సలను 2023 సెప్టెంబరు నుంచి నిషేధించారు. టెనెసీలో అలాంటి చట్టాన్నే 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో నిలబెట్టింది. బ్రిటన్‌లో 2024లో వచ్చిన కాస్ నివేదిక, పిల్లలకు ఇచ్చే యవ్వనాన్ని ఆపే మందుల మీద ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది. ఈ చివరిదాన్ని నేను తీసిపారేయను. పన్నెండేళ్ల పిల్లల విషయంలో నిదానంగా, ఒక్కొక్కరినీ విడిగా చూసి నడవాలన్న మాటలో పస ఉంది. చట్టంతో మొత్తానికి తలుపు మూసేయడం మాత్రం నిదానం కాదు. ఏమైనా ఆ ఫ్రిస్కో అక్కకు నేను ప్రతిసారీ ఒకటే రాస్తాను: వీడికి పాతికేళ్లు.

రేపు పశ్చాత్తాపపడితే? ఇది అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. 2021లో 27 అధ్యయనాలను, దాదాపు 7,900 మందిని కలిపి చూస్తే ఈ ఆపరేషన్ల తర్వాత పశ్చాత్తాపపడినవాళ్లు ఒక శాతం దగ్గర తేలారు. తర్వాత డాక్టర్లకు మళ్లీ కనబడనివాళ్లు లెక్కలోకి రాలేదన్న విమర్శ ఉంది, కాబట్టి అసలు సంఖ్య కొంత ఎక్కువే ఉండొచ్చు. సరే, అనుకుందాం. నా గర్భసంచి విషయంలో నేను పశ్చాత్తాపపడ్డాను. మందులతో తగ్గే జబ్బని ఇంకో డాక్టరు చెప్పాక ఏడాదిపాటు కుమిలాను. నా లాంటివాళ్ల లెక్క ఎవరైనా తీశారా? మా బాధ చూసి ఆడవాళ్లందరికీ ఆ ఆపరేషన్ నిషేధించమని ఏ ఎమ్మెల్యే అయినా అసెంబ్లీలో అడిగాడా?

మొన్న అక్టోబరులో వాడికి తోడుగా గైనకాలజీ ఓపీకి వెళ్లాను. ఈసారి ఒక డాక్టరుగారు ఒక్క ఉత్తరం చాలన్నారు, తల్లిదండ్రుల సంతకం ఊసెత్తలేదు. ఓపీ గుమ్మం పైన "పురుషులకు ప్రవేశం లేదు" అని ఎర్రక్షరాల బోర్డు. సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి, "బాబూ, జెంట్స్ బయట. అమ్మగారొక్కరే లోపలికి," అన్నాడు. మా వాడు బుద్ధిగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాలుగేళ్లుగా తనను మగవాడిగా ఒప్పుకోమని తిరుగుతున్నవాడిని, ఎవరూ ఇంత తడుముకోకుండా ఒప్పుకోలేదని తర్వాత ఒకటే నవ్వు.

చీటీ చూపించి ఇద్దరం లోపలికెళ్లాం. చుట్టూ అంతా ఆడవాళ్లు, గోడమీద తల్లిపాల పోస్టరు. నర్సు పిల్ల చీటీ తీసుకుని, మా ఇద్దర్నీ చూసి, ఆలోచించకుండా నా జబ్బకు బీపీ పట్టీ చుట్టేసింది.

"గర్భసంచి ఆపరేషన్‌కేనా ఆంటీ?"

"నాకు పద్నాలుగేళ్ల కిందటే తీసేశారమ్మా. పేషెంటు వీడు."

ఆ పిల్ల చీటీ మళ్లీ చదివింది. వాడి గడ్డం చూసింది. పట్టీ నా చేతినుంచి చర్రున ఊడదీసి, స్టూలు వాడివైపు కాలితో జరిపింది. "షర్టు చెయ్యి పైకి మడువు అన్నా." గాలి కొట్టి, ముల్లు చూసి, కనుబొమలు ముడిచింది. "నూటయాభై ఉంది. టెన్షనా?"

"ఇప్పుడే లోపలికి రానిచ్చారు కదా," అన్నాడు వాడు, "కాసేపాగు, తగ్గుద్ది."